వక్ఫ్ రాబడి, వక్ఫ్ ప్రయోజనం: లెక్కలపై ఒక పరిశీలన

జస్టిస్ రాజీందర్ సచ్చర్ సంఘం 2006 నవంబరులో సమర్పించిన నివేదికలో వక్ఫ్‌లను గురించిన అధ్యాయం తరచు ఉదాహరింపబడుతూ ఉంటుంది. దేశంలో నమోదైన వక్ఫ్‌లు 4.9 లక్షలు, భూమి సుమారు 6 లక్షల ఎకరాలు, పుస్తక విలువ 6,000 కోట్ల రూపాయలు, సాలీనా రాబడి 163 కోట్లు, అనగా 2.7 శాతం. మార్కెట్ విలువ 1.2 లక్షల కోట్లనీ, సక్రమంగా వినియోగిస్తే కనీసం 10 శాతం, అంటే 12,000 కోట్లు వస్తుందనీ ఆ సంఘం అంచనా. ఈ అంకెలు వినగానే సభలలో నిట్టూర్పులు వినబడతాయి. దురాక్రమణలు, నామమాత్రపు అద్దెలు వాస్తవమే గనుక ఆ నిట్టూర్పు అకారణం కాదు. కాని లెక్క కట్టిన తీరును పరీక్షించిన వారు తక్కువ.

మొదటి చిక్కు కూడికలోనే ఉంది. 2.7 శాతం పుస్తక విలువ మీద కట్టినది; 10 శాతం మార్కెట్ విలువ మీద కట్టినది. ఒకే కొలమానంతో చూస్తే ఆనాటి రాబడి 0.14 శాతానికి మించదు. రెండు వేర్వేరు తూకపు రాళ్ళను ఒకే తక్కెడలో వేయడం ఏ వ్యాపారీ ఒప్పుకొనడు, బంగారు బజారుకు పేరుపడిన ప్రొద్దుటూరులో అసలే ఒప్పుకొనరు.

రెండవది మరింత లోతైనది. నమోదైన వక్ఫ్‌లలో అద్దెకిచ్చే దుకాణాలూ ఉన్నాయి, మస్జిద్‌లూ, ఈద్‌గాహ్‌లూ, ఖబరస్తాన్‌లూ ఉన్నాయి. ఖబరస్తాన్ మార్కెట్ విలువ మీద పది శాతం ఎక్కడినుండి రావాలి? పట్టణం పెరిగి చుట్టుపక్కల స్థలం ఖరీదైన కొద్దీ, ఈ లెక్క ప్రకారం, ఆ వక్ఫ్ ‘అసమర్థత’ కూడా పెరుగుతుంది! వాకిఫ్ ఏ ఉద్దేశంతో అర్పించాడో దానినిబట్టి ఆస్తులను ముందు వేరుచేయాలి. అద్దె కొరకు ఉన్నవాటికి రూపాయల లెక్క, సేవ కొరకు ఉన్నవాటికి సేవ లెక్క ఉండాలి.

అయితే సేవను కొలిచేదెట్లా? జాతీయాదాయ గణనలో, అమ్మకానికి పెట్టని సేవకు దాని ఖర్చే విలువ. జమ్మలమడుగులో లండన్ మిషనరీ సొసైటీ నెలకొల్పిన క్యాంప్‌బెల్ ఆసుపత్రి వంటి ధర్మాసుపత్రులను తలచుకొంటే ఈ పద్ధతిలోని వింత తెలుస్తుంది. అటువంటి చోట ఒక వైద్యుడు సేవాభావంతో సగం జీతానికే పనిచేస్తే, రోగుల సంఖ్య తగ్గకున్నా, ఆయన శ్రమ విలువ లెక్కలో సగమవుతుంది. పులివెందులలో ఒక మక్తబ్ ఉస్తాద్ జీతం తీసుకోకుండా పిల్లలకు చదువు చెబితే ఆ చదువు విలువ ఇంచుమించు సున్నా. ఐక్యరాజ్య సమితి 2003లోను, తిరిగి 2018లోను వెలువరించిన గణన గ్రంథాలు ఉచిత సేవకు కూడా, ఆ పనిని కూలికి చేయిస్తే ఎంత అవుతుందో అంత, విలువ కట్టమన్నాయి. ఇది మేలైన పద్ధతి. ఐనా అది పడిన శ్రమనే కొలుస్తుంది. పిల్లవాడు ఏమి నేర్చాడో చెప్పదు.

వడ్డీ విషయంలో ఈ గణన తలక్రిందులుగానే ఉంది. ప్రొద్దుటూరులో ఒక గృహస్థు ఇంటి వైద్యానికి పదివేలు, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీపై, నగ కుదువబెట్టి తెచ్చాడనుకొనవచ్చును. ఏడాదికి 2,400 వడ్డీ. అందులో చాలా భాగం ‘ఆర్థిక సేవ’గా జాతీయోత్పత్తిలో చేరదగినదే. అదే పదివేలు ఖర్జె హసనాగా దొరికితే చేరేది శూన్యం. ఆ కుటుంబానికి 2,400 మిగిలింది. లెక్క మాత్రం నష్టం చూపింది.

కేంద్ర గణాంక సంస్థ లాభాపేక్ష లేని సంస్థలను లెక్కించినపుడు 1860 నాటి సొసైటీల చట్టం క్రింద నమోదైనవి 2008 నాటికి 31 లక్షలకు పైబడ్డాయి. వెదకబోతే జాడ దొరికినవి సుమారు 7 లక్షలే. ఆ జాబితాకు ప్రధాన ఆధారం సొసైటీల నమోదే గనుక, సొసైటీగా నమోదు కాకుండా ముతవల్లీ చేతిలో నడిచే వక్ఫ్‌కు అందులో చోటు దొరకడం కష్టం.

ఇంతమాత్రాన ముతవల్లీలు లెక్కలు తప్పించుకొనే వీలు లేదు. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో దానిని వసూలు చేసే ఉద్యోగులను కూడా తౌబా సూరా 60వ ఆయత్ పేర్కొన్నది. నిర్వహణకు ఖర్చు ఉంటుందని గుర్తించింది. ఖర్చు ఉన్నచోట చిట్టా ఉండాలి. ఎందరు పిల్లలు చదివారు, ఎందరికి వైద్యం అందింది, ఎంత ఖర్జె హసనా ఇచ్చారు, ఎంత తిరిగి వచ్చింది, దుకాణం అద్దె ప్రక్క దుకాణం అద్దెతో పోల్చితే ఎంత — ఈ మూడు పట్టణాలలో ఏ మస్జిద్ కమిటీ అయినా ఒక నోటు పుస్తకంలో వ్రాసుకొనగలిగినవే.