పళ్ల ఊసే లేని పళ్ల డాక్టరు పరీక్ష

నీట్ ఫలితాలు వచ్చిన వారంలో జిల్లా ఎడిషన్లో ఒక ఫొటో తప్పకుండా పడుతుంది. పూరిల్లు, ఇంటి ముందు అమ్మానాన్న, మధ్యలో శాలువా కప్పుకున్న పిల్ల. పైన 'అడవి బిడ్డకు డాక్టరు సీటు' అని పెద్ద అక్షరాలు. తండ్రి పోడు చేస్తాడని, తల్లి తునికాకు కోస్తుందని, పిల్ల పట్టుదలతో చదివిందని రాస్తారు. ఆ కాలేజీలో ఫిజిక్స్ సారు పోస్టు ఎన్నేళ్లు ఖాళీగా ఉందో, ఆ పిల్లతో పాటు బైపీసీలో చేరిన మిగతా వాళ్లు ఏమయ్యారో రాయరు. ఒక్కరి పట్టుదలను అంతగా పొగిడితే, మిగిలిన వాళ్లకు పట్టుదల లేదనే అర్థం దానంతటదే వస్తుంది. ఈ రాతల మీద నా అభ్యంతరం ముందు అది. ఇంకొకటి, ఆ ఫొటోలో ఎప్పుడూ ఎంబీబీఎస్ పిల్లే ఉంటుంది. బీడీఎస్ సీటు వచ్చిన ఆదివాసీ పిల్ల ఫొటో నేను ఇంతవరకు చూడలేదు.

మన ఊళ్లలో పంటి రోగం తక్కువా? ఉత్తరాంధ్రలో ఆడవాళ్లు అడ్డచుట్ట తాగుతారు. వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. ఆ వేడికి, పొగకు అంగిలి మీద వచ్చే క్యాన్సర్ గురించి డాక్టర్లు ఎన్నో ఏళ్లుగా రాస్తున్నారు. అన్ని ఏజెన్సీల్లోనూ గుట్కా, ఖైనీ బడి పిల్లల దాకా వచ్చేశాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పళ్ల డాక్టరు ఉండరు, పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి. పన్ను నొప్పికి ఒక రోజు కూలి, ఆటో చార్జీ ఎవరు పోగొట్టుకుంటారు? నొప్పి బిళ్ల మింగుతారు, అదీ పనిచేయకపోతే ఊళ్లోనే పీకించుకుంటారు. మన భాషలో మాట్లాడే పంటి డాక్టరు కావాలనుకోవడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

ఇప్పుడు ఆ డాక్టరును తయారుచేసే పరీక్ష సంగతి చూద్దాం. ఎంబీబీఎస్‌కైనా బీడీఎస్‌కైనా నీట్ ఒక్కటే. 180 ప్రశ్నలు, 720 మార్కులు. సగం జీవశాస్త్రం, మిగతా సగం ఫిజిక్స్, కెమిస్ట్రీ. ఒప్పు రాస్తే నాలుగు మార్కులు వస్తాయి, తప్పు రాస్తే ఒకటి పోతుంది. తెలుగు అకాడమీ జంతుశాస్త్రం చదివిన టీచర్లకు 'జీర్ణక్రియ' పాఠం గుర్తుండే ఉంటుంది. దంత సూత్రం, పాలపళ్లు, దవడ గుంటల్లో పళ్లు ఎలా నిలబడతాయన్నది అందులోనే ఉండేది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల భారం తగ్గించినప్పుడు ఆ పాఠం తీసేశారు. 2024 నుంచి నీట్ సిలబస్‌లోనూ అది లేదు. అంటే పళ్ల డాక్టరు కాబోయే పిల్ల పన్ను గురించి ఒక్క ముక్క చదవకుండానే సీటు తెచ్చుకోవచ్చు. ఘర్షణ మీద, లెన్సుల మీద లెక్కలు తప్పితే మాత్రం రాదు. సిలబస్ తయారుచేసిన వాళ్లకు ఇందులో నవ్వు వచ్చే విషయం ఏమీ కనబడలేదేమో.

భాష సంగతి ఇంకా లోతైనది. గోండిలో పంటిని 'పల్' అంటారు, కొలామీలోనూ 'పల్', కువిలో 'పల్లు'. తెలుగు మాట పక్కనే ఉంది. (సవర పిల్లల సంగతి వేరు, వాళ్ల భాష ముండా కుటుంబానిది.) ఇంత దగ్గరి మాటతో మొదలైన పిల్లను మన పుస్తకం ఎక్కడికి తీసుకుపోతుంది? ముందుపళ్లు 'కుంతకాలు' అవుతాయి, కోరపళ్లు 'రదనికలు', దవడ పళ్లు 'చర్వణకాలు'. ఆ మాటలు నోరు తిరిగేసరికి ఇంటర్ వస్తుంది. అప్పుడు అవి ఇన్‌సైజర్లు, కెనైన్లు, మోలార్లు అవుతాయి. ఒకే పంటికి నాలుగు పేర్లు. ఇంట్లో పేరును పుస్తకంలో పేరుతో ముడివేసి చెప్పిన పీరియడ్ మాత్రం ఒక్కటీ ఉండదు. నీట్ తెలుగులోనూ రాయవచ్చని గొప్పగా చెబుతారు. నిజమే, తెలుగు పక్కన ఇంగ్లీషు కూడా అచ్చువేసి ఇస్తారు. రెండింటికీ తేడా వస్తే ఇంగ్లీషే చెల్లుతుంది. 13 భాషల్లో జరిగే ఆ పరీక్షలో గోండి లేదు, కోయ లేదు, సవర లేదు.

మా బడిలో ఏడో తరగతి పిల్లలకు ఒక అద్దం ఇచ్చి ఎవరి పళ్లు వాళ్లను లెక్కపెట్టమన్నాను. ముందు ఇంటి భాషలో పేర్లు, తర్వాత తెలుగు, ఆఖరున ఇంగ్లీషు. ఒకడికి 28, ఇంకొకడికి 25 వచ్చాయి. 'వాడికి తక్కువెందుకు సార్, పెద్దవాళ్లకు 32 అన్నారు కదా' అని ఒక పిల్ల పట్టుకుంది. ఆ ప్రశ్నతో రెండు పీరియడ్లు గడిచాయి. దీనికి అయిన ఖర్చు ఒక అద్దం. నీట్‌కు సిద్ధం చేయడమంటే ఇక్కడి నుంచి అని నేను అనుకుంటాను. మన పథకాలు మాత్రం ఇంటర్ అయిపోయాక మొదలవుతాయి. స్క్రీనింగ్ పరీక్ష పెడతారు, పైన వచ్చిన కొద్దిమందిని పట్నంలో హాస్టల్లో ఉంచి ఏడాది లాంగ్‌టర్మ్ ఇప్పిస్తారు. ఆ పిల్లలకు మేలు జరుగుతుంది, కాదనను. కానీ ఆరో తరగతిలో భిన్నాలు రాని పిల్ల తొమ్మిదిలో లెక్కలంటే భయపడుతుంది. ఆ భయంతోనే ఇంటర్లో ఫిజిక్స్ వదిలేస్తుంది. ఆమె పేరు స్క్రీనింగ్ జాబితా దాకా రానే రాదు. వడపోత ఎప్పుడో అయిపోయింది, మనం మిగిలిన వాళ్లకు పరీక్ష పెడుతున్నాం.

'అర్హత' అన్న మాటను కూడా మనం పిల్లలకు సరిగ్గా విప్పి చెప్పడం లేదు. ఎస్టీలకు అర్హత 40 పర్సంటైల్. దాన్ని 40 శాతం మార్కులనుకుని, 720లో 288 రావాలని లెక్కవేసుకుని ముందే చేతులెత్తేసే పిల్లలున్నారు. చెప్పే టీచర్లూ ఉన్నారు. పర్సంటైల్ అంటే పరీక్ష రాసిన వాళ్లలో మన స్థానం. 2020లో ఆ గీత 113 మార్కుల దగ్గర పడింది. తప్పు ఒక్కటీ లేకుండా 29 ప్రశ్నలకు జవాబు పెడితే దాటే గీత అది. అర్హత వచ్చినంత మాత్రాన సీటు వచ్చినట్టు కాదు, అదీ చెప్పాలి. కానీ గీత ఎక్కడుందో తెలియని పిల్ల దాని వైపు నడవదు.

ఆ ఏడాదే ఇంకొకటి జరిగింది. దేశంలో దాదాపు 7,000 బీడీఎస్ సీట్లు మిగిలిపోయాయి. అర్హత తగ్గించడానికి కేంద్రం ఒప్పుకోలేదు. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 10 పర్సంటైల్ తగ్గించి సీట్లు నింపమంది. ఎస్టీలకు 40 కాస్తా 30 అయింది. దానికి ఇచ్చినవి కొద్ది రోజులే. కరోనా ఏడాది, సెల్ టవర్ లేని గూడేలు. నీట్ తప్పామనుకున్న పిల్లలు అప్పటికి డిగ్రీలో చేరారు, లేకపోతే పత్తి చేలో ఉన్నారు. ఆ కబురు వాళ్లకు చెప్పాల్సిన బాధ్యత ఏ ఆఫీసుకూ రాసిపెట్టి లేదు. కోచింగ్ సెంటరు పని పరీక్షతో అయిపోతుంది. కాలేజీ పని టీసీతో అయిపోతుంది.

మామూలు ఏడాదిలోనూ ఇదే తంతు చిన్నగా జరుగుతుంది. తెలంగాణలో కాళోజీ వర్సిటీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వర్సిటీ ఎంబీబీఎస్‌కు వేరుగా, బీడీఎస్‌కు వేరుగా వెబ్ ఆప్షన్లు పిలుస్తాయి. ఎంబీబీఎస్ రాలేదని తెలిసిన రోజే మన పిల్ల పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చేస్తుంది. తర్వాత వచ్చే ప్రకటన చూసేవాళ్లుండరు. చూసినా కాగితాల దగ్గర ఆగుతారు. మడావి అన్న ఇంటిపేరు ఆధార్‌లో ఒక స్పెల్లింగు, పదో తరగతి మెమోలో ఇంకొకటి. కుల ధ్రువపత్రం మీద మూడోది. ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు కావాలి, మూడు బడులు మారిన పిల్ల మూడు ఊళ్లు తిరగాలి. ఈ పని జూన్‌లో హడావుడిగా కాదు, తొమ్మిదో తరగతి సెలవుల్లో నింపాదిగా చేయించవచ్చు. ఏ ట్యూషనూ అక్కర్లేని పని ఇది, కాస్త ఓపికున్న క్లాసు టీచరు చాలు.

బీడీఎస్ అంటే 'మిగిలిన సీటు' అన్న చులకన మనలోనూ ఉంది. ఇంకొక వైపు పొగడ్త. ఆ మధ్య ఒక అవగాహన సదస్సులో వక్త ఒకాయన, బుట్టలల్లే జాతి కాబట్టి మన పిల్లలకు చేతి నేర్పు పుట్టుకతోనే వస్తుందని, దంతవైద్యం వాళ్లకు సులువని చెప్పాడు. చప్పట్లు కూడా పడ్డాయి. బీడీఎస్ మొదటి ఏడు పిల్లలు మైనపు దిమ్మెలో పన్ను ఆకారం చెక్కుతారు. ప్రతి గీతకూ మిల్లీమీటర్లలో కొలత ఉంటుంది. అది రక్తంలో రాదు, రోజుల తరబడి కూర్చుని నేర్చుకుంటే వస్తుంది. పుట్టుకతో వస్తుందని నమ్మించిన పిల్లకు మొదటి దిమ్మె విరిగినప్పుడు ఏం చెబుతాం?

ఆ మైనం, కత్తి, దంతాల నమూనాలు, తర్వాతి ఏళ్లలో కావలసిన హ్యాండ్‌పీసు, కృత్రిమ దంతాల సామాను విద్యార్థే కొనుక్కోవాలి. బోధన ఫీజు ప్రభుత్వం తిరిగి కట్టినా ఇవి అందులోకి రావు. నాలుగేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ గడవాలంటే పుస్తకాలు, మెస్సు కాకుండా ఈ ఖర్చుందని చేరేముందు పిల్లకూ తల్లిదండ్రులకూ చెప్పేవారు లేరు. వీటికి సాయం ఏమైనా ఉందేమోనని ఒక ఆఫీసులో అడిగాను. 'కోచింగుకు పద్దు ఉంది మాస్టారూ, పనిముట్లకు లేదు' అన్నారు.