ఎడమ కాలి సంగతి

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోంచి రోడ్డెక్కే ర్యాంపు గోడకు నిచ్చెన వేసినట్టుంటుంది. ఇంకో కారుకు చోటు అమ్ముకోవడం కోసం బిల్డరు ర్యాంపు పొడవు కోసేశాడని మా ఫ్లాట్లవాళ్ల అనుమానం. పోయిన నెల ఓ పొద్దున నేను ఆ ర్యాంపు నడిమధ్యకు వచ్చేసరికి వీధిలో నీళ్ల టిన్నుల ఆటో అడ్డం తిరిగింది. హ్యాండ్ బ్రేకు లాగాలి. లాగలేదు. ఎప్పటి అలవాటు ప్రకారం ఎడమ కాలు సగం లేపి, కుడి కాలు సగం నొక్కి, కారును ఉన్నచోటే నిలబెట్టాను. ఆటో తప్పుకుంది. నేను కదల్లేదు. ఇంజను రంకెలు వేస్తోంది, ఆ సంగతి చక్రాలకు తెలిసినట్టు లేదు. అంతలో కమురు వాసన. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి "సార్, ఏదో మాడిపోతోంది" అన్నాడు. మొదటి అంతస్తు ఆవిడ స్టవ్ మీద పప్పు మర్చిపోయానేమోనని వంటింట్లోకి పరుగు తీసిందట, సాయంత్రం చెప్పింది.

మాడింది పప్పు కాదు, నా క్లచ్ ప్లేటు.

కృష్ణా డెల్టా మనిషికి ఎత్తు అలవాటు లేదు. కంకిపాడు నుంచి బందరు దాకా, గుడివాడ నుంచి కైకలూరు దాకా నేలంతా పళ్లెంలా ఉంటుంది. ఎత్తంటే మాకు కాలవ గట్టు, లేకపోతే రైలు గేటు దగ్గర మిట్ట. కొండంటే మాకు ముందు గుర్తొచ్చేది బెజవాడ ఇంద్రకీలాద్రే. దాని ఘాట్ రోడ్డు మీద ముందు కారు ఆగిందంటే వెనకున్నవాళ్లందరికీ గుండె జారుతుంది. వెనక్కి దొర్లుతామన్న భయంతో సగం క్లచ్ మీద కారును వేలాడదీస్తారు. ఓం టర్నింగ్ చేరేలోగా అగరొత్తుల వాసన కన్నా ముందు ఈ వాసన తగులుతుంది. పక్కవాడి కారులోంచి వస్తోందని నేను ఎన్నిసార్లు అనుకున్నానో.

నిజానికి ఆ క్లచ్ పెడల్ నాకు ఆర్నెల్లుగా చెబుతూనే ఉంది. తొక్కుతుంటే గట్టిగా ఉండేది. బెంజి సర్కిల్ నుంచి కానూరు వెళ్లొచ్చేసరికి ఎడమ మోకాలు పట్టేసేది. వయసనుకున్నాను. రాత్రిళ్లు మోకాలికి నూనె మర్దనా చేసుకున్నాను కూడా. ప్లేటు మీది లైనింగు అరిగేకొద్దీ లోపలి స్ప్రింగు కూర్చునే తీరు మారుతుందనీ, దాంతో పెడల్ బిగుసుకుంటుందనీ అప్పుడు నాకు తెలియదు. జబ్బు కారుది, నూనె ఖర్చు నాది.

ఆటోనగర్‌కు పట్టుకెళ్లాను. 1960ల్లో మొదలైన ఈ జవహర్ ఆటోనగర్ ఆసియాలోనే పెద్దదని మా ఊరివాళ్లు చెప్పుకుంటారు. కొలిచి చూసినవాళ్లెవరూ నాకు తగల్లేదు గానీ, లోపలికి వెళితే ఆ మాట నమ్మబుద్ధవుతుంది. లారీ ఛాసిస్ ఒట్టి అస్థిపంజరంలా ఓ పక్క నుంచి వచ్చి, ఇంకో పక్క నుంచి బాడీ కట్టించుకుని, రంగులు పూయించుకుని, అద్దాలకు కుచ్చులు వేలాడేసుకుని పెళ్లికూతురిలా బయటికొస్తుంది. కమాను కట్టలు బిగించేవాళ్లు ఓ వరస, రేడియేటర్లకు మాట్లు వేసేవాళ్లు ఇంకో వరస, లేత్‌లు, సెల్ఫ్ డైనమో పనివాళ్లు. లారీల క్లచ్ ప్లేట్లకు పాత లైనింగు ఊడగొట్టి, కొత్తది పెట్టి, రివెట్లు కొట్టే కొట్లూ ఉన్నాయి. చిన్న కార్లకు ఆ ఓపిక ఎవరికీ లేదు. ప్లేటు పోతే ప్లేటే మార్చడం.

నేను వెళ్లే మేస్త్రీకి అరవై దాటాయి. బానెట్ ఎత్తుతాడనుకున్నాను, ఎత్తలేదు. చెప్పులు బయట విడిచి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. ఒట్టి అరికాలితో క్లచ్‌ను పూర్తిగా నొక్కి, అరంగుళం అరంగుళంగా వదిలాడు. కళ్లు మూసుకున్నాడు. డాక్టరు నాడి చూసినట్టే. "ఎత్తు మీద పడుతోంది" అన్నాడు. అంటే పెడల్ దాదాపు పైదాకా వచ్చాక గానీ బండి అందుకోవడం లేదు. తర్వాత హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, ఇంజను నడుస్తుండగానే మూడో గేరు వేసి, క్లచ్ వదిలేశాడు. ఆరోగ్యంగా ఉన్న కారైతే ఒక్క కుదుపు కుదిపి ఆగిపోవాలి. నాది ఆగలేదు. గేరులో ఉండీ, బ్రేకు మీద ఉండీ, హాయిగా డుర్రుమంటూనే ఉంది.

"ప్లేటు అయిపోయిందండీ. గేర్‌బాక్స్ దించాలి."

మధ్యాహ్నానికి దించారు. పాత ప్లేటు నా చేతిలో పెట్టాడు. అన్నం కంచం కన్నా కాస్త చిన్నది. రెండు వైపులా గరుకు లైనింగు ఉండాల్సిన చోట నున్నగా, నల్లగా అద్దంలా మెరుస్తోంది. రివెట్ల తలలు బయటపడ్డాయి. ఇంజనుకు బిగించి ఉన్న ఫ్లైవీల్ మీద నెమలికంఠం రంగు మచ్చలు. ఇనుము కమిలితే ఆ రంగు వస్తుందట. దాన్ని లేత్ మీద ఫేసింగ్ పట్టించాల్సి వచ్చింది.

పనేమిటో అప్పుడు చూపించాడు. ఇంజను ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. చక్రాలు మాత్రం మనం చెప్పినప్పుడే తిరగాలి. ఈ రెండింటి మధ్య ఆ కంచంలాంటి ప్లేటును ఫ్లైవీల్ ఒక వైపు, ప్రెషర్ ప్లేటు ఇంకో వైపు పట్టకారులా పట్టుకుని ఉంటాయి. పెడల్ తొక్కితే ఆ పట్టు వదులుతుంది. కాలు తీసేస్తే బిగుస్తుంది. బ్రేకు గానీ, యాక్సిలరేటర్ గానీ తొక్కితేనే పని చేస్తాయి. క్లచ్ తన అసలు పని మనం కాలు తీసేశాకే చేస్తుంది. సగంలో ఆపినంతసేపూ ప్లేటు పూర్తిగా పట్టూ కాదు, పూర్తిగా విడుపూ కాదు, ఒరుసుకుంటూ ఉంటుంది. ఒరుసుకున్న ప్రతి క్షణం కాస్త లైనింగు పొడి.

"తొక్కడం ఎవరికైనా వచ్చండీ, వదలడంలోనే ఉంది పని" అన్నాడు మేస్త్రీ. ఈ మాట ఆయన రోజుకు పదిమందికి చెబుతాడని తర్వాత తెలిసింది. అయినా నాకు కొత్తే.

నాకు వదలడం ఎవరూ నేర్పలేదు. డ్రైవింగ్ స్కూల్ కారులో మాస్టారి కాళ్ల దగ్గర కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉంటాయి. నేను కుదుపు లేకుండా కారు కదిపానని మురిసిన ప్రతిసారీ కింద ఆయన కాలు పని చేస్తూ ఉండేది. లైసెన్సు వచ్చి సొంత కారు ఎక్కిన మొదటి రోజు ఏలూరు రోడ్డు మీద అయిదుసార్లు ఆపుకున్నాక గానీ ఆ గుట్టు తెలియలేదు. ఆ భయంతోనే పట్టుకున్నాను హాఫ్ క్లచ్చును. బండి ఆగిపోదు, వెనకవాడు హారన్ కొట్టడు. చెడు అలవాట్లన్నీ మొదట్లో ఉపకారం చేస్తాయి.

ఆ సొంత కారు సెకండ్ హ్యాండ్ మారుతి 800. దానికి క్లచ్ కేబులుండేది. సైకిల్ బ్రేకు వైరు లాంటిదే, కాస్త లావు. బందరు రోడ్డు మీద ఉయ్యూరు పంచదార ఫ్యాక్టరీకి చెరకు తోలే రోజులు. ట్రాక్టర్ల వెనక నత్తనడకన పోతున్నాను, తొక్కడం, వదలడం, తొక్కడం. ఒకసారి తొక్కేసరికి కాలు నేలకు తగిలింది. పెడల్ మళ్లీ పైకి రాలేదు. వైరు తెగింది. ఊళ్లోకి ఇంకా మూడు కిలోమీటర్లు. చెట్టు కింద బీడీ కాలుస్తున్న లారీ డ్రైవరు తాపీగా వచ్చి కిటికీలోంచి చూశాడు.

"ఫస్టు గేరేసి సెల్ఫ్ కొట్టు తమ్ముడూ."

"గేరులో ఉండగానా?"

"ఆ. అదే లాక్కుపోద్ది. ఎవడన్నా అడ్డమొస్తే ఆపెయ్, మళ్లీ అదే చెయ్. గేరు మార్చమాక."

కొట్టాను. కారు గిత్తదూడలా రెండు గెంతులు గెంతి, ఇంజను అందుకుని, మొదటి గేరులోనే మొత్తుకుంటూ ఉయ్యూరు చేరింది. చెరకు బండి అడ్డమొచ్చి నాలుగుసార్లు ఆపాను. ఇప్పటి కార్లలో చాలావాటికి క్లచ్ తొక్కితే తప్ప సెల్ఫ్ తిరగదు. క్షేమం కోసం పెట్టిన ఏర్పాటే, కాదనను. ఆ లారీ డ్రైవరు విద్య మాత్రం వాటి దగ్గర చెల్లదు.

ఇప్పుడు చాలా కార్లలో వైరు బదులు ఆయిలు. బ్రేకుకు వాడేదే, చాలావాటిలో రెండింటికీ ఒకే డబ్బా. పెడల్ మెత్తగా దూదిలా దిగిపోతుంటే, రివర్సు గేరు కర్రుమంటుంటే, రెండుసార్లు గబగబా తొక్కితే గానీ గేరు పడకపోతుంటే సంగతి ప్లేటుది కాకపోవచ్చు. గొట్టాల్లో గాలి చేరి ఉంటుంది, లేదా పై సిలిండరులోనో కింది సిలిండరులోనో రబ్బరు వాషరు పోయి ఆయిలు కారుతూ ఉంటుంది. ఈ ఆయిలుకు గాలిలోని చెమ్మను పీల్చుకునే గుణం ఉంది. ఉప్పుగాలి వీచే బందరు వైపు, చొక్కా అరగంటలో ఒంటికి అంటుకునే బెజవాడలో దానికి చెమ్మ కరువా? రెండేళ్లకోసారి మార్చమని మేస్త్రీలు చెబుతారు. బంగారంలా ఉండాల్సింది టీ డికాక్షన్ రంగుకు వచ్చేదాకా మనం మూత తియ్యం. క్లచ్ తొక్కినప్పుడే గుర్రుమని మోత వచ్చి, వదిలితే ఆగిపోతే మాత్రం అది రిలీజ్ బేరింగు. అదీ గేర్‌బాక్స్ దించే పనే. దించినప్పుడు ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు మూడూ కలిపి మార్చేయడం మేలు, దించి ఎక్కించే కూలి రెండుసార్లు ఇవ్వక్కర్లేదు.

వాడకపోయినా క్లచ్ పోతుందని 2024 సెప్టెంబరులో చూశాం. 1వ తేదీన బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ మీద పడింది. పాయకాపురంలో మా బావమరిది కారు రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఆ నెలంతా ఆటోనగర్ దారుల్లో బురద పూసుకున్న కార్లు ఒకదాని వెనక ఒకటి తాళ్లు కట్టుకుని వరసగా వచ్చాయి. సీట్లు పీకారు, వైరింగు మార్చారు, ఇంజను ఆయిలు కాఫీలా వస్తే పారబోసి మళ్లీ పోశారు. చివరికి ఇంజను అందుకుంది. క్లచ్ పూర్తిగా తొక్కినా గేరు పడదు. నీళ్లకు తుప్పెక్కి ప్లేటు ఫ్లైవీల్‌కు అతుక్కుపోయింది. మేస్త్రీ ఖాళీ జాగాకు తోయించి, అందర్నీ దూరం జరగమని, క్లచ్ తొక్కిపెట్టి గేరులోనే సెల్ఫ్ కొట్టి, బండి కదలగానే బ్రేకు గట్టిగా నొక్కి కుదిపాడు. మూడో కుదుపుకు టప్పుమని ఊడింది. అందరికీ ఊడలేదు. చాలామంది గేర్‌బాక్సులు దించుకున్నారు.

అక్కడే ఓ మాట. దించిన గేర్‌బాక్స్ గూట్లో పేరుకున్న నల్లపొడిని కుర్రాళ్లు కంప్రెసర్ గాలితో ఉఫ్‌మని ఊదేస్తారు. మొహం ముందే. పాతకాలపు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ ధూళి ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో ప్రపంచమంతటికీ తెలుసు. ఏ లోకల్ ప్లేటులో ఏముందో కంటికి కనపడదు. తడిగుడ్డతో తుడవమని మేస్త్రీతో అన్నాను. సరేనన్నాడు. కుర్రాడు ఊదాడు.

మా అమ్మాయి ఈ గొడవలన్నీ చూసి క్లచ్ పెడల్ లేని కారు కొనుక్కుంది. 2014లో మారుతి సెలెరియోతో మన దగ్గర చిన్న కార్లకు ఏఎమ్‌టీ మొదలైంది, అంటే మామూలు గేర్‌బాక్సే, క్లచ్‌నూ గేర్లనూ కారే చూసుకుంటుంది. 2020లో మన పెనుకొండలో తయారైన కియా సోనెట్ లాంటి కార్లలో ఇంకో రకం వచ్చింది, గేర్లు చేత్తోనే మార్చాలి, ఎడమ కాలికి మాత్రం పని లేదు. క్లచ్ పోయిందనుకుంటారు గానీ ఎక్కడికీ పోలేదు, లోపలే ఉంది. మన కాలు చేసే పనిని మోటారు చేస్తుంది, అంతే. మా ర్యాంపు మీద బ్రేకు వదిలి యాక్సిలరేటర్‌తోనే కారును నిలబెడితే దానికీ అదే వాసన వస్తుంది. అమ్మాయితో చెప్పాను. "మీ మేస్త్రీ చెప్పాడా నాన్నా?" అంది.

నా కారు తిరిగి తీసుకునే రోజున మేస్త్రీ పక్క సీట్లో కూర్చుని వంద అడుగుల రోడ్డు దాకా వచ్చాడు. కొత్త పెడల్ వెన్నపూసలా దిగుతోంది. నాలుగో గేరులో పోతుండగా నా కాళ్ల వంక చూసి, "కాలు తీయండి" అన్నాడు. క్లచ్ మీద ఊరికే ఆనించి ఉంచాను, నొక్కలేదు. ఆ ఆనించిన బరువుకే లోపల బేరింగు తిరుగుతూ ఉంటుందట, పట్టు సడలుతుందట. మరి కాలు ఎక్కడ పెట్టుకోను అన్నాను. ఎడమ పక్కకు చూపించాడు. చాలా కార్లలో క్లచ్‌కు ఎడమన కాలు ఆనించుకోవడానికి ఏటవాలుగా ఒక మెట్టు ఉంటుంది. మీ కారులో ఉందో లేదో ఓసారి వంగి చూడండి. నా కారులో కొన్న రోజు నుంచీ ఉంది, ఏడేళ్లుగా మ్యాటు కింద.