కళ్ళకి గంతలు, చెవులకి పని

ఆర్లీన్ ఫ్రాన్సిస్ అన్న పేరు మనలో ఎంతమందికి తెలుసో గాని, ఆవిడ ముఖం కొందరైనా చూసే ఉంటారు. ఈ దేశానికి వచ్చిన కొత్తలో నిద్రపట్టక అర్ధరాత్రి టీవీ పెట్టుకున్న వాళ్ళకి గేమ్ షో నెట్‌వర్క్‌లో ఒక పాత నలుపు-తెలుపు కార్యక్రమం తగులుతూ ఉండేది. బల్ల వెనక నలుగురు కూర్చుంటారు. మగవాళ్ళు సూటుల్లో, ఆడవాళ్ళు పెళ్ళివిందుకి బయల్దేరినట్టు ముస్తాబై. ఎదురుగా వచ్చి కూర్చున్న మనిషి ఏం పని చేసి బతుకుతున్నాడో ప్రశ్నలడిగి కనిపెట్టాలి. జవాబు అవుననో కాదనో మాత్రమే. ఒక్కో ‘కాదు’కి 5 డాలర్లు. పది ‘కాదు’లు పోగైతే 50 డాలర్లు ఇచ్చి పంపించేస్తారు. అదే ‘వాట్స్ మై లైన్?’ సీబీఎస్‌లో 1950 ఫిబ్రవరి 2న మొదలై 1967 సెప్టెంబరు 3 దాకా నడిచింది.

ఆ బల్ల దగ్గర స్థిరంగా కనిపించిన ఆడవాళ్ళు ఇద్దరు: ఆర్లీన్ ఫ్రాన్సిస్, డొరొతీ కిల్‌గాలెన్. ఇప్పుడు ఎవరు వీళ్ళ గురించి రాసినా మొదటి వాక్యంలో ఈ కార్యక్రమం పేరే ఉంటుంది. ఆర్లీన్ మెడలో హృదయాకారపు వజ్రాల లాకెట్టు గురించి, డొరొతీ గౌన్ల గురించి బోలెడు రాశారు. నాకున్న పేచీ అక్కడే. వీళ్ళని మనం చూసి గుర్తుపెట్టుకున్నాం. వీళ్ళు మాత్రం ప్రధానంగా గొంతుతో బతికినవాళ్ళు. వారానికి అరగంట టీవీ. మిగతా రోజుల్లో రేడియో. ఆ రేడియో సంగతి తెలియకపోతే టీవీలో వీళ్ళు చేసిన పని కూడా సగమే అర్థమవుతుంది.

ఎందుకంటారా? కార్యక్రమం చివర్లో ఒక ‘మిస్టరీ గెస్ట్’ వచ్చేవారు. సినిమా తారో, ఆటగాడో. అందరికీ తెలిసిన ముఖం కనక ప్యానెల్ వాళ్ళ కళ్ళకి గంతలు కట్టేవారు. వచ్చినవాళ్ళు కీచుగొంతుతోనో బొంగురుగొంతుతోనో జవాబు చెప్పేవారు. మన పిల్లలు ఆడుకున్న వీరివీరి గుమ్మడిపండు ఆటే, కాకపోతే కోటుబూట్లు వేసుకుని. దేశమంతా ముఖం చూస్తూ ఉంటే, ఆ నలుగురు మాత్రం రేడియో వింటున్నారన్నమాట. టీవీ మధ్యలో పది నిమిషాల రేడియో అది. దాని నడిపించిన పెద్దమనిషి జాన్ డేలీ కూడా రేడియోవాడే. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ వార్తని సీబీఎస్ రేడియోలో చదివిన గొంతు ఆయనది.

ఆర్లీన్‌కి ఈ ఆట కొత్త కాదు. 1938లోనే ‘వాట్స్ మై నేమ్?’ అనే రేడియో ఆటలో ఆవిడ వ్యాఖ్యాత. ఒక ప్రసిద్ధ వ్యక్తి తన గురించి తానే చెప్పుకుంటున్నట్టు ఆధారాలు వినిపిస్తారు, ఎవరో చెప్పాలి. మగ వ్యాఖ్యాతలు మారుతూ పోయారు, ఆవిడ మాత్రం చివరిదాకా ఉంది. 1943లో ‘బ్లైండ్ డేట్’ వచ్చింది. యుద్ధకాలం. సెలవు మీద వచ్చిన సైనికులు గోడకి ఒక పక్క, అమ్మాయిలు ఇంకో పక్క. ఫోన్లో మాట్లాడుకుంటారు, ఆ మాటలే విని అమ్మాయి తనతో షికారుకి వచ్చేదెవరో ఎంచుకోవాలి. గెలిచినవాళ్ళని న్యూయార్క్‌లో ఖరీదైన స్టార్క్ క్లబ్‌కి పంపేవారు. బెరుకు కుర్రాళ్ళ చేత నలుగురిలో నవ్వు పుట్టేలా మాట్లాడించడం, అదే సమయంలో వాళ్ళని నవ్వులపాలు కానివ్వకపోవడం ఆర్లీన్ పని. 1946లో ‘ది అఫైర్స్ ఆఫ్ ఆన్ స్కాట్లండ్’లో ఆడ డిటెక్టివ్ వేషం కూడా వేసింది. గొంతుతోనే లెండి.

అంటే ‘ఈ గొంతు ఎవరిది?’ అన్న ఒక్క ప్రశ్న మీదే ఆవిడ ఎన్నో ఏళ్ళు పనిచేసింది. గంతలు కట్టుకుని ఆవిడ అడిగే ప్రశ్నల్లో తొందర ఉండదు. ముందు ఒక చిన్న పొగడ్త, తర్వాత నవ్వు, ఆ నవ్వులో అవతలి మనిషి మారుగొంతు కాస్త జారుతుంది. నేను చాలాసార్లు వెనక్కి తిప్పి చూశాను. ప్రశ్న కన్నా ఆ నవ్వే ఎక్కువ రాబట్టేది.

ఇంకో మాట. ఆవిడ 1907లో బాస్టన్‌లో పుట్టినప్పుడు ఇంటిపేరు కజాంజియన్. తండ్రి అర్మీనియన్ వలసదారుడు, ఫొటోగ్రాఫర్. రేడియోలో ఆ ఇంటిపేరు ఎక్కడా వినిపించదు. మధ్యపేరే ఇంటిపేరైంది. ఆఫీసులో పేరుని రెండక్షరాలకి కుదించుకున్న మనవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు. ఫోనెత్తి ‘హలో’ అనగానే అవతలివాడు మన దేశాన్నీ చదువునీ ఊహించేస్తాడు. ఆ ఆటలో మనం ఎప్పుడూ మిస్టరీ గెస్టులమే. గొంతు మార్చుకోవడం మాత్రం అందరికీ చేతకాదు. పేరు దాచుకోవడం ఆర్లీన్ ఒక్కతే చేయలేదు. 1946లో మ్యూచువల్ నెట్‌వర్క్‌లో మొదలైన ‘ట్వెంటీ క్వశ్చన్స్’ వాన్ డెవెంటర్ కుటుంబం ఇంట్లో ఆడుకునే ఆట. అందులో ఆయన భార్య తన పుట్టింటి పేరుతో, ఫ్లారెన్స్ రైనార్డ్‌గా వినిపించేది. బల్ల చుట్టూ ఉన్నది ఒకే ఇంటివాళ్ళని శ్రోతకి అనిపించకూడదని.

డొరొతీ తత్వం వేరు. 1913లో షికాగోలో పుట్టిన పత్రికా విలేఖరి. 1935లో లిండ్‌బర్గ్ బిడ్డ హత్య కేసు విచారణ రాసింది. 1936లో విమానాల్లో ప్రపంచం చుట్టే పందెంలో ఇద్దరు మగ విలేఖరులతో పోటీపడి రెండోదిగా వచ్చింది. 1938 నుంచి ‘వాయిస్ ఆఫ్ బ్రాడ్‌వే’ కాలమ్. ఆవిడ ప్రశ్నలు ప్లీడరు ప్రశ్నల్లా ఉంటాయి. ఒక్కో ‘అవును’తో చుట్టూ కంచె బిగిస్తుంది. ఆట అని మరిచిపోయి గెలవాలనుకుంటుంది. చాలామందికి ఆవిడ నచ్చకపోవడానికి కారణం అదే, నాకు నచ్చడానికీ అదే.

ఆవిడ రేడియో జీవితంలో పెద్దది ‘బ్రేక్‌ఫస్ట్ విత్ డొరొతీ అండ్ డిక్’. 1945 ఏప్రిల్ నుంచి 1963 దాకా, న్యూయార్క్ డబ్ల్యూఓఆర్ స్టేషన్లో. భర్త రిచర్డ్ కోల్మార్‌తో కలిసి సొంత ఇంట్లోంచే ప్రసారం. కాఫీ తాగుతూ నిన్నరాత్రి చూసిన నాటకం గురించి మాట్లాడుకుంటారు. మాటల మధ్యలోనే ప్రకటన దూరుతుంది. పొద్దున్న వంటింట్లో ఉండే గృహిణి వింటుందని ప్రకటనదారుల లెక్క. ఇలాంటి మొగుడూపెళ్ళాల కార్యక్రమాలు అప్పట్లో ఎక్కువయ్యాయి. ఫ్రెడ్ ఆలెన్, టలూలా బ్యాంక్‌హెడ్ కలిసి వాటిని ఉతికి ఆరేశారు కూడా. ముందు మురిపాలు, తర్వాత నిజమైన పొద్దుటి చిరాకు. ఎగతాళి న్యాయమే. కాని ఆ కార్యక్రమాన్ని వెక్కిరించినంత తేలిక కాదు చెయ్యడం. రాసుకున్న సంభాషణ లేకుండా, పద్ధెనిమిదేళ్ళపాటు, అప్పుడే లేచిన జనానికి వినాలనిపించేలా మాట్లాడటం ఎంత పనో, పావుగంట వేదిక మీద నిలబడ్డవాళ్ళకి తెలుస్తుంది.

డొరొతీ 1965 నవంబరు 7 ఆదివారం రాత్రి ప్రత్యక్ష ప్రసారంలో ఆట ఆడింది. మర్నాడు ఇంట్లో చనిపోయి కనిపించింది. మద్యం, నిద్రమాత్రలు కలిశాయన్నారు, పరిస్థితులు తేలలేదన్నారు. కెనెడీ హత్య మీద ఆవిడ పరిశోధిస్తూ ఉండటంతో అనుమానాల మీద పుస్తకాలే వచ్చాయి. ఆ పుస్తకాలు నేను తప్పనను. కాని ఒక్క రాత్రికి అన్ని పేజీలూ, పద్ధెనిమిదేళ్ళ ఉదయాలకి రెండు పంక్తులూ అయితే ఎలా?

దీనికి ఒక మొరటు కారణం ఉంది. 1952 దాకా ‘వాట్స్ మై లైన్?’ ఫిల్ములు చాలావాటిని పారేశారు. ఆ తర్వాతవి దాచడానికి నిర్మాతలు డబ్బు పెట్టారు. అందుకే ఇవాళ మనం చూడగలుగుతున్నాం. డబ్ల్యూఓఆర్‌లో ఆర్లీన్ 1960 నుంచి 1984 దాకా నడిపిన మధ్యాహ్నపు ఇష్టాగోష్ఠిలోగాని, డొరొతీ ఉదయాల్లోగాని చేతికి దొరికేవి కొద్ది ముక్కలే. రోజువారీ మాటని ఎవరూ సాహిత్యం అనుకోలేదు.

మన దగ్గరా ఇదే వరస. శారదా శ్రీనివాసన్ గారి గొంతులో చలం ‘పురూరవ’ ఊర్వశిని ఇప్పటికీ వినగలుగుతున్నామంటే అది నాటకం కావడం వల్ల, అభిమానులు దాచుకోవడం వల్ల. రేడియో అక్కయ్య న్యాయపతి కామేశ్వరి గారు పిల్లలతో ఆడుతూపాడుతూ మాట్లాడిన మాటలు ఎన్ని మిగిలాయి?

నాకు తెలిసిన ఒకావిడ ఇక్కడ చాలా ఏళ్ళు వారాంతంలో తెలుగు రేడియో గంట నడిపారు. వాళ్ళ గరాజ్‌లో రెండు పెట్టెల క్యాసెట్లు ఉన్నాయి. వాటి మీద సినిమా పాటల పేర్లు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉన్నాయి. మధ్యలో మీ మాటలేవండీ అంటే, “అవి ఆపేసి పాటలే ఎక్కించాను, టేపు దండగ కదా” అన్నారు.