పైకప్పు మీద ఎవరి పేరు?

మొజాయిక్ గురించి రాసే కళాచరిత్రకారులు రంగుల గురించి రాస్తారు, బంగారు గాజుముక్కల గురించి రాస్తారు, భవనం కట్టించిన ప్రభువుల అభిరుచి గురించి పేజీలకు పేజీలు రాస్తారు. ఆ ముక్కల్ని కొట్టి, ఏరి, అతికిన చేతుల దగ్గరికొచ్చేసరికి కలం ఆగిపోతుంది. ఈ మౌనం అమాయకమైంది కాదని మేం అంటున్నాం.

1875లో తెరిచిన పారిస్ ఆపెరా భవనాన్నే తీసుకుందాం. దాని ముందుహాలు పైకప్పు మొజాయిక్‌లో ఒక శాసనం ఉంది. బొమ్మలు గీసింది కుర్జోన్, వాటిని మొజాయిక్‌గా మలిచింది సాల్వియాతి, అలంకారాలు ఫక్కీనావి, భవన రూపకల్పన గార్నియేది అని చెబుతుంది. పని చేయించినవాళ్ల పేర్లకు చోటు దొరికింది. వాళ్ల కింద పనిచేసినవాళ్లకు దొరకలేదు. పైగా ఆ శాసనం గ్రీకులో! పనివాళ్ల భాష కాదు, ఆ వీధిలో నడిచే జనం భాషా కాదు. గుడిగోడల మీద సంస్కృత శాసనాలు చూసిన మనకు ఇది కొత్తేం కాదు.

ఫక్కీనా (1826–1903) ఉత్తర ఇటలీలోని ఫ్రియులి ప్రాంతంవాడు. ఊరు సెక్వాల్స్. వలసపోతే తప్ప బతుకు గడవని ఊళ్లవి. ఆయన ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది: ముక్కల్ని బోర్లించి కాగితానికి అతికిస్తారు. భాగాలుగా మోసుకొచ్చి తడిగచ్చులో అదుముతారు. తర్వాత కాగితాన్ని తడిపి ఊడదీస్తారు. ఖర్చు తగ్గింది, వేగం పెరిగింది. కానీ అతికేవాడికి బొమ్మ ముఖమే కనపడదు. గీసేది ఒకరు, అతికేది ఒకరు, గోడకెక్కించేది ఇంకొకరు. తలనూ చేతినీ విడదీశారు.

ఆ ఫ్రాన్సులోనే 1893లో ఎగ్‌మోర్త్ ఉప్పుమడుల్లో ఇటలీ కూలీల్ని మూకలు వెంటాడి చంపాయి. నిందితులందర్నీ కోర్టు వదిలేసింది. 1991 నాటి చుండూరు హత్యల కేసులో 2014 హైకోర్టు తీర్పు మనం మర్చిపోలేదు.

అయితే ఇటలీ పనివాణ్ణీ దళితుణ్ణీ ఒకే గాటన కట్టడానికి మేం ఒప్పుకోం. 1922లో స్పిలింబెర్గోలో మొజాయిక్ బడి పెట్టారు. చేతిపని అక్కడ చదువైంది, గౌరవమైంది. ఇక్కడ తోలుపనినీ డప్పునీ పుట్టుకకు కట్టేశారు, మైల అన్నారు. కులం పనిని పంచడంతో ఆగదు, పనిచేసే మనుషుల్నే మెట్లుమెట్లుగా విడగొడుతుందని అంబేద్కర్ 1936లోనే తేల్చిచెప్పారు. వలసొచ్చినవాడికి పరాయితనం ఒకటి రెండు తరాల్లో పోవచ్చు. అంటరానితనం అట్లా పోదు.

మన ఆఫీసుల్లో, బళ్లలో మొజాయిక్ అని పిలిచే గచ్చు నిజానికి ఆ ఇటలీ పనివాళ్ల తెరాజ్జోయే. దాని నునుపు చూసి మెచ్చుకుంటాం. మోకాళ్ల మీద కూచుని సానబట్టిందెవరో అడగం. ఈ ప్రశ్న వేయని విమర్శ ఎంత అందంగా ఉన్నా, అది కాంట్రాక్టరు తరఫు విమర్శే. భవనాల చరిత్రను కూలి పట్టీల నుంచి, వలస దారుల నుంచి, కులం నుంచి మళ్లీ రాయాలి. ఆ పని మన విద్యార్థులతోనే మొదలవ్వాలి.