గంజాయి కలిపిన తేయాకుకు పేటెంటు: ఇందులో ఆవిష్కరణ ఎంత?

అమెరికా పేటెంటు కార్యాలయం 2016 అక్టోబరులో 9,474,725 నంబరు గల పేటెంటును పోవివా టీ అనే కంపెనీకి మంజూరు చేసింది. దాని శీర్షికను తెలుగులో చెప్పుకుంటే ‘కొవ్వులో కరిగే క్రియాశీల పదార్థాలు పట్టించిన ఆహార పానీయాలు, వాటి వినియోగ పద్ధతులు’ అవుతుంది. శీర్షికలో గంజాయి పేరు కనిపించదు. లోపలి పేజీలు చదివితే ఆ క్రియాశీల పదార్థాల్లో ముఖ్యమైనవి గంజాయి మొక్కలో ఉండే కానబినాయిడ్లని తెలుస్తుంది. వాటిని తినే నూనెతో కలిపి, తేయాకు వంటి ఆహార పదార్థానికి పట్టించి, తరువాత ఆరబెట్టాలి. నూనె, పాలపొడి వంటివి ఆ పదార్థాలు ఒంటికి బాగా పట్టేలా తోడ్పడతాయి. క్లుప్తంగా ఇదీ పద్ధతి.

పేటెంటు పత్రాలను మనం సాధారణంగా న్యాయవాదులకు వదిలేస్తాం. కాని పేటెంటు పత్రం కూడా ఒక శాస్త్ర రచనే. అది ఒక విషయాన్ని ప్రతిపాదిస్తుంది, ఆధారాలు చూపుతుంది, ఇంతవరకు ఎవరూ చేయనిది చేశామని చెబుతుంది. పరిశోధన వ్యాసాన్ని ఎలా ప్రశ్నిస్తామో దీన్నీ అలాగే ప్రశ్నించవచ్చు. పైగా పరిశోధన వ్యాసం తప్పయితే దాని రచయిత పేరు పోతుంది. పేటెంటు తప్పయితే అందరికీ తెలిసిన పని చేసుకోవడానికి కూడా ఇతరులు ఒకరి అనుమతి అడగవలసి వస్తుంది. ఆ నిర్బంధం దరఖాస్తు నాటి నుంచి సాధారణంగా 20 ఏళ్ళు ఉంటుంది.

గంజాయి మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడి చర్చ కాదు. పాత వంటకు కొత్త దినుసు చేరిస్తే దాన్ని ఆవిష్కరణ అనవచ్చా అన్నదే ప్రశ్న.

తలుపు పిడి చెప్పిన పాఠం

పేటెంటు పొందాలంటే మూడు పరీక్షలు దాటాలి. చేసిన పని కొత్తదై ఉండాలి. పరిశ్రమలోనో జీవితంలోనో దానికి ఉపయోగం ఉండాలి. మూడవది, అన్నిటికన్నా కష్టమైనది: ఆ రంగం తెలిసిన మామూలు నిపుణుడికి అది ఇట్టే తట్టే విషయం కాకూడదు. దీన్నే ఆవిష్కరణాత్మకత అంటున్నారు.

ఈ మూడవ పరీక్ష ఒక తలుపు పిడితో మొదలైంది. అప్పటికి తలుపు పిడులను లోహంతో, కర్రతో చేసేవారు. హాచ్‌కిస్ అనే వ్యక్తి, అతని సహచరులు మట్టితో, పింగాణీతో చేసిన పిడికి పేటెంటు తీసుకున్నారు. 1851లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. ఒక పదార్థానికి బదులు మరొకటి వాడటం నేర్పుగల పనివాడి పనే కాని ఆవిష్కర్త పని కాదని తేల్చింది. తరువాత నూరేళ్ళకు, 1952లో, ఈ సూత్రం అమెరికా పేటెంటు చట్టంలోకి ఎక్కింది.

మన దేశంలోనూ ఇటువంటి తీర్పు ఉంది. లోహపు పాత్రలను తరిణె పట్టేటప్పుడు కదలకుండా పట్టి ఉంచే సాధనంపై మీర్జాపూరుకు చెందిన ఒక సంస్థకు పేటెంటు ఉండేది. 1978లో మన సుప్రీంకోర్టు దాన్ని పరిశీలించి, కార్ఖానాలో పనివాడు చేసుకునే చిన్నపాటి మెరుగుకు పేటెంటు చెల్లదని చెప్పింది.

ఇప్పుడు తలుపు పిడి స్థానంలో తేయాకును, పింగాణీ స్థానంలో గంజాయి సారాన్ని పెట్టి చూడండి. చాక్లెట్టులో గంజాయి, బిస్కెట్టులో గంజాయి, కాఫీ గింజలో గంజాయి అంటూ ఎన్ని దరఖాస్తులు పెట్టినా, దినుసు మార్చడం తప్ప మరేమీ లేకపోతే అవన్నీ పింగాణీ పిడులే.

నెయ్యికి తెలిసిన రసాయన శాస్త్రం

గంజాయి మొక్కలోని ముఖ్యమైన పదార్థాలు రెండు. మత్తు కలిగించే టీహెచ్‌సీ ఒకటి, మత్తెక్కించని సీబీడీ మరొకటి. సీబీడీ అణునిర్మాణం 1963లో, టీహెచ్‌సీది 1964లో తేలాయి. రెండింటి వెనుకా ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞుడు రఫాయెల్ మెషులమ్ బృందం ఉంది. ఈ రెండూ నీటిలో దాదాపు కరగవు, కొవ్వులో సులభంగా కరుగుతాయి. పచ్చి మొక్కలో ఇవి ఆమ్ల రూపంలో ఉంటాయి. వేడి తగిలితే ఆ ఆమ్లం నుంచి కార్బన్ డయాక్సైడ్ విడిపోయి అసలు పదార్థం మిగులుతుంది. కాబట్టి వేడి, కొవ్వు ఉంటేనే గంజాయి వంటకం పనిచేస్తుంది.

అణునిర్మాణం తెలియకముందే వంటవాళ్ళకు ఈ సంగతి తెలుసు. కలకత్తా వైద్య కళాశాలలో పనిచేసిన ఐర్లండు వైద్యుడు విలియం ఓషానెసీ 1839లో గంజాయి మీద ఒక పత్రం సమర్పించాడు. మాజూను అనే మిఠాయి తయారీని అందులో వివరించాడు. ఆకును నెయ్యితో, నీటితో కలిపి సన్నని సెగ మీద ఉంచుతారు. నీరంతా ఇగిరిపోయాక, వేడిగా ఉండగానే గుడ్డలో వేసి పిండుతారు. క్రియాశీల పదార్థం నెయ్యిలోకి దిగుతుంది, పిప్పిని పారేస్తారు. ఆ నెయ్యిని పంచదార, పాలతో చేర్చి మిఠాయి చేస్తారు. ఈ పద్ధతిని కలకత్తాలో ఆ పనిలో పేరుపొందిన అమీర్ అనే మనిషి దగ్గర తెలుసుకున్నానని ఓషానెసీ రాశాడు. హోలీ నాటి భంగు ఠండాయిలో కూడా ఆకును పాలతో, బాదం పప్పుతో కలిపి నూరుతారు. కొవ్వు చిన్న చిన్న బిందువులుగా నీటిలో తేలుతూ ఉండే ద్రవాన్ని ఎమల్షన్ అంటాం. పాలు మనందరికీ తెలిసిన ఎమల్షన్.

ఇప్పుడు పేటెంటులోని మెట్లను ఒక్కొక్కటిగా చూద్దాం. కానబినాయిడును నూనెలో కలపడం: ఓషానెసీ పత్రంలో ఉంది. పాల పదార్థం చేర్చడం: మాజూనులో, ఠండాయిలో ఉంది. ఆహారానికి పట్టించి ఆరబెట్టడం: ఇది మిఠాయి దుకాణంలో కనబడకపోవచ్చు కాని ఆహార పరిశ్రమకు కొత్త కాదు. నూనెలో కరిగే విటమిన్ ఎ, బీటా కెరోటిన్‌లను జెలటిన్ వంటి పదార్థాలలో పొదిగి పొడిగా మార్చడం 20వ శతాబ్దంలోనే ఆ పరిశ్రమ నేర్చిన విద్య.

మరి పేటెంటు కోరేవారి బలమైన వాదన ఏమిటి? నోటి ద్వారా తీసుకున్న కానబినాయిడులో చాలా తక్కువ భాగమే రక్తంలోకి చేరుతుంది, ఎక్కువ భాగం పేగుల్లో, కాలేయంలో మార్పు చెందుతుంది. ప్రభావం కనబడటానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఇంకా ఏమీ కాలేదే అనుకుని మళ్ళీ తిని ప్రమాదం తెచ్చుకున్నవారు ఉన్నారు. ఇది నిజమైన సమస్య. దీన్ని పరిష్కరించినవాడికి పేటెంటు అడిగే అర్హత ఉంటుంది. నా పద్ధతిలో ఒంటికి పట్టే శాతం పెరిగింది, ఇది ఎవరూ ఊహించని ఫలితం అని అతడు చూపగలగాలి.

ఎవరితో పోల్చాలి?

నా దృష్టిలో ఇటువంటి పేటెంట్ల బలహీనత ఇక్కడే బయటపడుతుంది. పెరిగింది అంటే దేనితో పోలిస్తే పెరిగింది? కొవ్వు లేని తేయాకుతో పోలిస్తే కొవ్వు కలిపిన తేయాకు మెరుగ్గా పనిచేసిందని చూపడం సులభం. కొవ్వులో కరిగే పదార్థం కొవ్వుతో బాగా పట్టడం ఎవరైనా ఊహించేదే. మునుపు తెలిసినవాటిలో తమదానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న పద్ధతితో పోల్చి ఆధిక్యం చూపాలని పేటెంటు నియమాలు అడుగుతాయి. అంటే పోలిక మాజూను నేతితో జరగాలి, ఎమల్షన్ పానీయంతో జరగాలి. ప్రయోగశాలలో కంట్రోలు లేని ప్రయోగం చెల్లదని మీ అధ్యాపకులు చెప్పే ఉంటారు. పేటెంటులోనూ అదే నీతి. కంట్రోలును ఎలా ఎంచుకున్నారో చూస్తే ఆ పేటెంటు బలం తెలిసిపోతుంది.

రెండవ బలహీనత విస్తృతి. ఈ పత్రం తేయాకుతో ఆగదు. కాఫీ గింజలు, కోకో పొడి, మాంసం, చేపలు, పండ్లు, కూరగాయలు, పప్పులు, గింజలు, సుగంధ ద్రవ్యాల దాకా జాబితా సాగుతుంది. పదార్థం కానబినాయిడు మాత్రమే కానక్కరలేదు, విటమినో నికోటినో కూడా కావచ్చునని వివరణ చెబుతుంది. ఇలా జాబితా పెంచినకొద్దీ ఒక చిక్కు వస్తుంది. ఒకచోట చేసిన ప్రయోగం అన్నిచోట్లా వర్తిస్తుందని చెప్పినవాడు, అది ఏ నిపుణుడైనా ఊహించగలిగినదేనని తానే ఒప్పుకున్నట్టు అవుతుంది.

మనం చేసే పొరపాటు

ఇటువంటి వార్త వినగానే మన పత్రికల్లో వచ్చే స్పందన ఒకటుంది: భంగు మనది, ఇదంతా మన పూర్వులకు తెలుసు, పేటెంటు దొంగతనం! తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్న సామెత ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. పేటెంటు కార్యాలయం మూతి వాసన చూడదు, కాగితం చూస్తుంది.

ఆవేశం ఒక తేడాను మరుగున పడేస్తుంది. కొత్తదనం లేదని చెప్పాలంటే క్లెయిములోని ప్రతి అంశమూ ఒకే పాత ఆధారంలో కనిపించాలి. ఓషానెసీ పత్రంలో ఆరబెట్టిన తేయాకు లేదు. సీబీడీ గురించి ఆనాడు ఎవరికీ తెలియదు. అందుచేత కొత్తదనం ప్రాతిపదిక మీద ఈ పేటెంటును కొట్టివేయడం కష్టం. ఆవిష్కరణాత్మకత విషయంలో మాత్రం రెండు మూడు పాత ఆధారాలను కలిపి చూపవచ్చు. అయితే ఆ రంగం తెలిసినవాడు వాటిని ఎందుకు కలుపుతాడో, కలిపితే ఫలిస్తుందని ఎలా ఆశిస్తాడో కారణం చెప్పాలి. కారు పెడలుకు సంబంధించిన 2007 నాటి కేఎస్ఆర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఈ కారణాన్ని మరీ యాంత్రికంగా వెదకవద్దని, నిపుణుడికి కూడా మామూలు తెలివితేటలు ఉంటాయని గుర్తు చేసింది.

ఇంకొక జాగ్రత్త కూడా కావాలి. పొడుపుకథ విప్పాక అందరికీ తేలికే. జవాబు తెలిశాక వెనక్కి చూస్తే ప్రతి ఆవిష్కరణా ఇంతేనా అనిపిస్తుంది. అసలైన శ్రమకు అన్యాయం జరగకూడదంటే, దరఖాస్తు పెట్టిన నాటి జ్ఞానంతోనే తూకం వేయాలి.

కాగితం మీద లేని వంట

ఇంతకూ పరిశీలకుడికి ఆ పాత ఆధారాలు ఎలా దొరుకుతాయి? గంజాయి విషయంలో చిక్కు ఇదే. అనేక దేశాల్లో దశాబ్దాలపాటు నిషేధం ఉండటంతో వండినవాళ్ళు రాసి పెట్టుకోలేదు. శాస్త్రజ్ఞులు ప్రచురించడం తగ్గింది. కొలరాడో రాష్ట్రంలో 2014 జనవరి నుంచి అమ్మకాలు చట్టబద్ధమయ్యేసరికి, వంటిళ్ళలో ఉన్న జ్ఞానమంతా పేటెంటు కార్యాలయం దృష్టిలో లేనట్టే అయింది. నిషేధకాలంలో తెలిసినదంతా అనుమతి రాగానే కొత్తదిగా కనిపించే ప్రమాదం ఏర్పడింది.

పసుపు కథ మీకు గుర్తుండే ఉంటుంది. గాయాలకు పసుపు వాడటంపై మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి 1995లో అమెరికా పేటెంటు వచ్చింది. మన సీఎస్ఐఆర్ సంస్థ సవాలు చేయగా 1997లో రద్దయింది. మన ఇళ్ళలో అందరూ వాడుతున్నారన్న వాదన అక్కడ పనికిరాలేదు. ఆనాటి అమెరికా చట్టం విదేశాల్లోని వాడుకను లెక్కలోకి తీసుకునేది కాదు, అచ్చులో ఉన్నదాన్నే గుర్తించేది. సీఎస్ఐఆర్ 32 ఆధారాలు చూపవలసి వచ్చింది. ఈ నియమం 2013 మార్చిలో మారింది. అయినా పేటెంటు మంజూరయ్యాక ఆ కార్యాలయంలోనే సవాలు చేసే ముఖ్యమైన మార్గంలో నేటికీ పేటెంట్లు, అచ్చయిన రచనలు మాత్రమే ఆధారాలుగా చెల్లుతాయి.

కోర్టుకు వెళితే తేలుతుందిలే అనుకోవడానికీ లేదు. మొత్తం కానబినాయిడ్లలో కనీసం 95 శాతం సీబీడీ ఉన్న ద్రవాన్ని తమదిగా చెప్పుకున్న పేటెంటు ఒకటి 2017లో యునైటెడ్ కానబిస్ అనే కంపెనీకి దక్కింది. 2018లో ఆ కంపెనీ ప్యూర్ హెంప్ కలెక్టివ్ మీద దావా వేసింది. ఆ పేటెంటు నిజంగా ఆవిష్కరణేనా అన్న ప్రశ్నకు జవాబు వస్తుందని చాలామంది ఎదురుచూశారు. 2020లో కంపెనీ దివాలా తీసింది, ఆ ప్రశ్న తేలకుండానే దావా ముగిసింది.

మన చట్టంలో మరికొన్ని కంచెలు ఉన్నాయి. దినుసుల గుణాలు కలిసిరావడం తప్ప మరేమీ లేని మిశ్రమానికి 3(ఇ) ప్రకారం పేటెంటు రాదు. 2002 సవరణతో చేరిన 3(పి) సంప్రదాయ జ్ఞానాన్ని మినహాయించింది. 2001లో మొదలైన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం పాత వైద్య గ్రంథాల్లోని యోగాలను విదేశీ పరిశీలకులు చదవగలిగే భాషల్లోకి తెస్తోంది. అయితే అది ప్రధానంగా గ్రంథస్థమైన జ్ఞానం. అమీర్ వంటి పనివాళ్ళ జ్ఞానాన్ని ఎవరో ఒక ఓషానెసీ వచ్చి రాసుకుంటేనే అచ్చులోకి వస్తుంది. ఆహార శాస్త్రం, వృక్షశాస్త్రం, రసాయన శాస్త్రం చదివే విద్యార్థులు తమ ప్రాంతపు వంట, వైద్య పద్ధతులను తేదీతో, కొలతలతో నమోదు చేసి కళాశాల పత్రికలోనైనా ప్రచురిస్తే, అది రేపు ఒక పరిశీలకుడి బల్ల మీద ఆధారంగా నిలుస్తుంది. మన దేశంలో పేటెంటు మంజూరు కాకముందే అభ్యంతరం తెలిపే హక్కును చట్టంలోని 25వ సెక్షను ఏ వ్యక్తికైనా ఇస్తోంది. దానికి పెద్ద సంస్థ కానక్కరలేదు, కావలసింది అచ్చయిన ఆధారం, దాన్ని క్లెయిముతో పోల్చి చదవగల ఓపిక.