ఒకే పడుగు ముందర ఇద్దరు

సముద్రఘోష కొంత వెనుకబడి మగ్గముల చప్పుడు వినవచ్చెడు ఉప్పాడ వీథులలో, ఒక గుంటమగ్గము నొద్ద నేనొక మధ్యాహ్నమెల్ల కూర్చుంటిని. ఒకే పడుగు ముందర ఇద్దరు: కుడిప్రక్క, ఏండ్ల తరబడి జాందానీ నేసిన పెద్దామె, ఎడమప్రక్క, చేయి ఇంకను కుదురుకొనని పిల్ల. బుటాకు వలసిన దారమును పోగులు లెక్కించుచు, చిన్న కండెలతో చేతనే చొప్పించి, ఎక్కడి బుటా నక్కడనే మలపవలెను. ఇరువురి వరుసయు ముగిసిననే గాని నాడె కదలుటకు వీలులేదు. పెద్దామె తన సగము ముగించి, చేతులు ఒడిలో నుంచుకొని వేచియున్నది.

పిల్ల చేయి ఆగినది.

"తప్పిందా పెద్దమ్మా?"

"ఎక్కడ తప్పిందో నువ్వే చూడవే అమ్మా. గోటితో లెక్కపెట్టు."

చేయి చాచి క్షణములో సరిచేయగల తప్పును ఆమె సరిచేయలేదు. మజూరీ చీరకే గాని రోజుకు కాదని ఎరిగినవారికి, ఆ ఊరకుండుట ఎంతటి దానమో తెలియును.

1988లో ఘనశ్యామ్ సరోదే ఇచ్చటి నేతగాండ్రకు జాందానీలో శిక్షణ నిచ్చుటయు, 2009లో ఉప్పాడ చీరకు భౌగోళిక గుర్తింపు లభించుటయు అందరు నెరిగినవే. కాని ఇరువైపులను ఒకే తీరున కనబడుటయే ప్రతిష్ఠగా గల ఈ వస్త్రమునందు, తప్పు దాచుటకు వెనుకవైపు లేనందున, కుడి సగమెంత నాజూకైనను ఎడమ సగము వంకరయైనచో అది చీర కానేరదు; కనుకనే నేర్పరి తన వేగమును కొత్తచేతి నడకకు తగ్గించుకొనక తప్పదు.

నేను ఉద్యోగము చేసిన కాలమున, నాకు సహాయకులుగా వచ్చిన యువకుల చిత్తుప్రతులను నేనే ఎర్రసిరాతో తిరుగవ్రాసి పంపుచుంటిని. పని త్వరగా తెమలెడిది. దానినే ఉపకారమని తలచితిని. నేను బదిలీయై వెళ్ళిన పిదప, ఒక్క ఉత్తరమైనను స్వయముగా వ్రాయు ధైర్యము వారిలో ఎవరికిని కలుగలేదని విని ఖేదపడితిని గాని, కారణము నాకు బోధపడినది మాత్రము ఆ మగ్గము ముందరనే. వారి తప్పును వారు వెదకుకొను అవకాశమును నేనే హరించితిని.

పిల్ల అదనముగా ఎత్తిన పోగును చాలసేపటికి కనుగొని, దారమును వెనుకకు తీసి మరల చొప్పించెను. పెద్దామె వంగి చూచి, మాటాడక నాడెను ఇటునుండి విసరెను. అటు ప్రక్క పిల్ల అందుకొన్నది.