జననాట్యమండలి తొలిపాటలు: ‘మన’ శబ్దవిచారము

1972వ సంవత్సరమున హైదరాబాదు నగరమున నేర్పడిన జననాట్యమండలి పాటలపైఁ బండితులు చేయు నాక్షేపములు ముఖ్యముగా రెండు. అవి వ్యాకరణవిరుద్ధములనుట మొదటిది. ఉపదేశమే ప్రధానమగుటచే రసహీనములనుట రెండవది. ఇందు మొదటిది నిలువదు. రెండవది కొంతవఱకు నిలుచును. ఆ పాటలు జనుల నోళ్లయందు నాటుకొన్న జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములను దృష్టియందుంచుకొని యీ రెంటిని విమర్శించుట యుక్తము.

మండలి పుట్టుక నగరమునఁ గలిగినది. బి. నర్సింగరావు నడపిన ‘ఆర్ట్ లవర్స్’ సంఘము దీనికి మూలము. గుమ్మడి విఠలరావు, వంగపండు ప్రసాదరావు ఇందు ముఖ్యులు. విఠలరావు మున్ను బుర్రకథలు చెప్పినవాఁడు. 1913లో నమెరికాయందుఁ బుట్టిన గదరు పార్టీ పేరే తరువాత ‘గద్దరు’ అని యాతనికి వ్యవహారనామమైనది. నర్సింగరావు ప్రోత్సాహమున నాతఁడు రచించిన తొలిపాట ‘ఆపుర రిక్షా’ యని ప్రసిద్ధము. ఆ పేరునందే యొక క్రియయు నొక సంబోధనమును గలవు. సిద్ధాంతము పిదపఁ దోఁచును. ముందు కానవచ్చువాఁడు రిక్షా త్రొక్కు మనుష్యుఁడు. ఆలంబనవిభావము స్పష్టమైనందున శ్రోతకుఁ గరుణము కలుగుటకు వ్యాఖ్యానముతోఁ బనిలేదు.

నగరమునఁ బుట్టిన పాట పల్లెలకుఁ జేరుటకు చారిత్రకహేతువు గలదు. నాఁటి కరీంనగరు జిల్లాలోని జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలలో దొరల యాధిపత్యమునకును వెట్టిచాకిరికిని ఎదురుగా రైతుకూలీసంఘములు తలయెత్తెను. 1978 సెప్టెంబరు 7వ తేదిని జగిత్యాలలో జరిగిన జైత్రయాత్రకు వేలకొలఁది జనులు వచ్చిరి. ఆ సంవత్సరముననే ప్రభుత్వము ఆ రెండు తాలూకాలను గల్లోలితప్రాంతములుగాఁ బ్రకటించెను. మండలి పాటలు ఆ సంఘములతోడనే పల్లెలలో వ్యాపించినవి. జనులు వానిని దమవిగా గ్రహించుటకు రాజకీయ మొక్కటియే కారణము కాదు. ఒకఁడు చరణమెత్తఁగాఁ దక్కినవారు వంత పాడుట, డప్పుమోఁతకు నడుగు వేయుట, గజ్జె కట్టి గొంగడి భుజమున వేసికొనుట యనునవి ఒగ్గుకథయు వీథిభాగవతమును జూచిన పల్లెజనులకుఁ గ్రొత్తవి కావు. మగ్గముమీఁది చేయి, బీడీలు చుట్టు చేయి యెఱిఁగిన లయయే పాటకు లయ యయ్యెను.

ఇఁక వ్యాకరణమాట. కుండలు కావలసినవాఁడు కుమ్మరియింటికిఁ బోవునట్లు శబ్దములు కావలసినవాఁడు వైయాకరణుని యింటికిఁ బోవఁడని పతంజలి మహాభాష్యారంభముననే చెప్పియున్నాఁడు. ప్రయోగము ముందు, శాస్త్రము వెనుక. చిన్నయసూరి బాలవ్యాకరణము కావ్యభాషకు లక్షణము. ఆ యెల్లకు వెలుపలి పలుకుబడిని దానితోఁ గొలిచి తప్పనుట శాస్త్రమును దాని విషయము దాఁటించుటయే యగును.

అంతియకాదు. తెలుఁగువ్యాకరణమందలి యొక సూక్ష్మభేదమే యీ పాటలకుఁ బ్రాణమైనది. ఆదిలాబాదు జిల్లాలోఁ బుట్టిన గూడ అంజయ్య రచించిన ‘ఊరు మనదిరా’ యను పాట పేరే యిందుకు నిదర్శనము. సంస్కృతమున నస్మచ్ఛబ్దబహువచన మొక్కటియే. అది వినువానిని గలుపుకొన్నదో, వెలుపల నుంచినదో రూపమునఁ దెలియదు. తెలుఁగున ‘మా’ వేఱు, ‘మన’ వేఱు. ‘ఊరు మాది’ యన్నచో నది యెదుటివానితోడి తగవు. ‘మనది’ యన్నచో వినువాఁడు తత్క్షణమే భాగస్వామి యగును. చివరి ‘రా’ కారము సభలో ననాదరముగాఁ దోఁచినను, సమానులు సమానులను బిలుచునప్పుడు చనవునకే చిహ్నము. ఏ యలంకారమును లేకయే సర్వనామ మొక్కటి యూరినంతటిని జేరఁదీసినది.

పరదేశముతోఁ బోల్చిన నీ విశేషము మఱింత స్ఫుటమగును. ఇటలీదేశమున టురిన్ నగరమందు 1957లో ‘కాంతాక్రోనాకే’ యను బృంద మేర్పడి, వట్టి వినోదగీతములకుఁ బ్రతిగా సంఘజీవితమును బాడఁబూనెను. ఇటాలో కాల్వినో వంటి రచయితలు దానికిఁ బాటలు వ్రాసిరి. ఉద్దేశ మొక్కటియే, కాని యిటలీభాషయందును ‘మేము’ ‘మనము’ అను భేదము లేదు. అచ్చట సందర్భము తెలుపవలసినదానిని ఇచ్చటఁ బదమే తెలుపుచున్నది.

రెండవ యాక్షేపమునఁ గొంత సత్యము గలదు. ఉపదేశము కాంతాసమ్మితము కావలయునని మమ్మటుని మతము. శత్రువుల పట్టిక చదివి, లెమ్ము, నఱకుమని విధించు పాట ప్రభుసమ్మితమే యగును. ఆజ్ఞాపించువాఁడు దొర కాకున్నను ఆజ్ఞ యాజ్ఞయే. పాల్కురికి సోమనాథుఁడు దేశిచ్ఛందమగు ద్విపదలో మతమును బ్రచారము చేసెను. అయినను ఆతని బసవపురాణము కావ్యమైనది. ప్రతిభక్తునికి నొక కథ, ప్రతికథకు నొక మనుష్యుఁడు గలఁడు. కోరుట్లలో బీడీలు చుట్టు స్త్రీ, గల్ఫుదేశములకుఁ బోయిన మగనికై యెదురుచూచు నిల్లాలు, సిరిసిల్లలోఁ బని లేక నిలిచిన మరమగ్గముచెంతఁ గూర్చున్న నేఁతగాఁడు: వీరు పాటకు విభావములు. ‘వర్గశత్రువు’ విభావము కాఁజాలఁడు. వాఁడు సమాసము మాత్రమే. అపశబ్దములున్నవని నిందింపఁబడు నీ పాటలు నీరసములగు చోట్లు తఱచుగాఁ దత్సమసమాసములు క్రిక్కిఱిసిన చోట్లే యగుట గమనింపఁదగినది.

కావునఁ బరిశోధకులకును బాఠశాలాపండితులకును నొక కర్తవ్య మేర్పడుచున్నది. అంజయ్య 2016లో, వంగపండు 2020లో, గద్దరు 2023లో గతించిరి. అచ్చుపుస్తకము పాటకు నొక్క పాఠమునే నిలుపును. నోటిపాట యూరూరఁ బాఠభేదము నొందును. 1978లో నిరువదియేండ్ల ప్రాయమున వంత పాడినవారు నేఁడు డెబ్బదియేండ్లకుఁ జేరువైనారు. తాళపత్రములకై చూపిన శ్రద్ధను వీరి కంఠములయెడఁ జూపినచో నే పదము నిలిచినదో, యే పదమును జనులు మార్చుకొనిరో తెలియును. జనులు విడిచిన పదమేదో తెలిసిన నాఁడే యీ పాటలకు సరియైన విమర్శ మారంభమగును.